మత్స్యవినోదము: పట్టదగినవి, విడువదగినవి

చెఱువుగట్టున గాలము వేసి కూర్చున్న వానిని చూచి నవ్వుకొనని బాటసారి అరుదు. "ఏమైనా పడ్డాయా?" అని అడుగును. "ఇంకా లేదండీ" యను బదులు విని, తాను ముందే యెఱిగిన సంగతిని మఱల వినినట్లు తల యూపి సాగిపోవును. ఆ తల యూపుటలో చాల అర్థము కలదు. వీడు పనిలేని వాడు, వీనిని చేప పట్టుకొన్నది గాని వీడు చేపను పట్టుకొనలేదు, అని దాని భావము. ఈ నిందను నలువది యేండ్లుగా మోయుచున్న వాడను గనుక, ఈ వినోదమును గుఱించి నాలుగు మాటలు చెప్పుటకు నాకు కొంత యధికారము కలదని తలంచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

గాలపు వేట మనకు పాశ్చాత్యులు నేర్పిన విద్యయని పెక్కండ్ర తలంపు. అది పొరబాటు. ఆంగ్లేయులు ఈ విద్యకు మూలగ్రంథముగా మన్నించు ఐజాక్ వాల్టను పుస్తకము 1653 లో అచ్చుపడినది. అంతకు అయిదువందల యేండ్లకు పూర్వమే, కళ్యాణి రాజధానిగా నేలిన చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు, 1130 ప్రాంతమున, మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అందు రాజులకు తగిన వినోదములను వర్ణించుచు మత్స్యవినోదమునకు ప్రత్యేకముగా చోటిచ్చెను. సముద్రపు చేప లెవ్వి, ఏటి చేప లెవ్వి, ఏ చేపకు ఏ మేత ప్రియము, కఱ్ఱ యెట్లుండవలెను, దారమెట్లుండవలెను అను విషయములను ఆ రాజు శ్రద్ధతో చెప్పినాడు. ఆ కళ్యాణి నేటి బసవకళ్యాణము. మన తెలంగాణమునకు పొరుగూరు. కావున గాలము పట్టి కూర్చుండుట సోమరుల పని యని యెవరైన అనినచో, ఒక చక్రవర్తి మన పక్షమున నున్నాడని ధైర్యముగా చెప్పవచ్చును.

చేపల పేరుల విషయమునను మన భాషకు చిన్న గౌరవము దక్కినది. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు అచ్చటి చేపలను సేకరించి, 200 చేపల వర్ణనలను చిత్రములను 1803 లో లండను నగరమున రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ ప్రాంతమున వాడుకలోనున్న తెలుగు పేరులను తన చెవికి వినబడినట్లు వ్రాసికొని బొమ్మల ప్రక్కన చేర్చెను. అందుచేత మన కోనము, వంజరము, పార మొదలగు పేరులు ఐరోపా పండితుల బల్లలమీదికి చేరినవి. వాలుగ యను మన మాట 'వాలగో' యై నేటికిని ఆ చేపజాతికి శాస్త్రనామముగా చెల్లుచున్నది. తెలుగు జాలరి నోట పుట్టిన మాటను ప్రపంచమందలి మత్స్యశాస్త్రజ్ఞు లందఱు పలుకుచున్నారన్నమాట.

ఇక గాలపు వేటకు పేరుగన్న చేప యనగా నేది? రుచిగల చేపయెల్ల వేటకు తగిన చేప కాదు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని గోదావరి తీరమున సామెత కలదు. వరదనీటికి ఎదురెక్కి వచ్చు ఆ చేపకున్నంత కీర్తి మఱి యే చేపకును లేదు. కాని పులస నీటిలో తేలియాడు సూక్ష్మజీవులను వడగట్టి తిను చేప. గాలమునకు గ్రుచ్చిన ఎఱను సామాన్యముగా తాకదు. అది వలకు చిక్కవలసినదే. గాలపు వేటగాడు కోరునది మూడు గుణములు గల చేప. అది ఎఱను తానై వెంబడించి పట్టవలెను; పట్టిన పిమ్మట పోరాడవలెను; తెలివితో తప్పించుకొన జూడవలెను. ఈ మూడును గల చేపలు మంచినీటను ఉప్పునీటను మనకు కొల్లలుగా కలవు. వానిలో ముఖ్యమైన కొన్నిటిని పరిచయము చేసి, వానినుండి నేను నేర్చుకొన్న ఒక్క సంగతిని చెప్పెదను.

మొదట చెప్పవలసినది మన చెఱువులలోని కొఱమీను. 2016 లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపు చేపగా నిర్ణయించినది. పాము తలవంటి తల, కండగల గుండ్రని దేహము, తుమ్మకఱ్ఱవలె గట్టిదనము దీని లక్షణములు. మొప్పలతోనే గాక, తలలోనున్న ప్రత్యేకమైన అఱలతో గాలినికూడ పీల్చి బ్రదుకును. అందుచేత నీరు తగ్గి బురదయైన కుంటలలో తక్కిన చేపలు చచ్చినను ఇది ప్రాణము నిలుపుకొనును. గాలికై మాటిమాటికి పైకి రాక దీనికి తప్పదు. అచ్చట బుడగ లేచినచో వేటగాని కన్ను దానిపై బడును. తామరాకుల నడుమ, తుంగ ప్రక్కన, బ్రదికియున్న కప్పపిల్లను గాలమునకు గ్రుచ్చి నీటిపై ఆడించినచో, కొఱమీను క్రిందినుండి తుపాకిదెబ్బవలె వచ్చి తాకును. అప్పుడు తొందరపడి లాగిన వానికి ఒట్టి గాలమే మిగులును. దానిని మ్రింగనిచ్చి, మనసులో పది లెక్కించి, పిమ్మట గట్టిగా లాగవలెను. ఆ పది లెక్కించుట గాలపు వేటలో మొదటి పాఠము. ఓర్పునకు అంతకన్న మంచి బడి లేదు.

ఈ విద్య నాకు నేర్పినవాడు నా మేనమామ. నేను పదునాలుగేండ్ల వాడనై యుండగా, వానలు కురిసి చెఱువు నిండిన దినములలో, ఒకనాడు ఒంటరిగా గట్టునకు పోతిని. తుంగ ప్రక్కన నీటిమీద అరచేతి వెడల్పున ఎఱ్ఱని మచ్చయొకటి కదలుచుండెను. దగ్గఱగా చూడగా అది వందలకొలది చిన్న చేపపిల్లల గుంపు. కుంకుమ చల్లినట్లు నీటిపై మెఱయుచు, ఒక్కసారిగా పైకి వచ్చి, ఒక్కసారిగా క్రిందికి పోవుచుండెను. ఆ గుంపు క్రింద పెద్ద కొఱమీను తిరుగుచున్నదని నాకు తెలియును. గాలము సరిగా ఆ పిల్లల నడుమ వేసితిని. పది లెక్కింప నక్కఱలేకపోయెను. ఆకలిచే గాక కోపముచే అది వచ్చి తాకినది. మూరెడు పొడవుగల చేపను భుజమున వ్రేలాడవేసికొని వీధి వెంట నడచి వచ్చితిని. ఇరుగుపొరుగు వారు మెచ్చుకొనిరి. మామ మాత్రము ఏమియు అనలేదు.

మఱునాడు తెల్లవాఱకముందే మామ నన్ను లేపి ఆ చోటికే తీసికొనిపోయెను. ఎఱ్ఱని గుంపు లేదు. అక్కడక్కడ రెండు మూడు పిల్లలు దిక్కుతోచక తిరుగుచుండెను. క్రిందినుండి చిన్న చిన్న చేపలు వచ్చి వానిని మ్రింగుచుండెను. తుంగలో లకుముకిపిట్ట యొకటి కూర్చుండి యుండెను. కొఱమీను తన గ్రుడ్లను పిల్లలను కాపాడు చేప యని మామ అప్పుడు నాకు చెప్పెను. నాచు తొలగించి చోటు చేసికొని, తేలు గ్రుడ్లకు కాపుండి, పిల్లలు తమ పాటికి తాము బ్రదుకగల దాక కొన్ని వారములు వానిని విడువదు. మనిషి వచ్చినను మీదికి దూకును. ఆ గుణమునే నేను గాలమునకు ఎఱగా వాడుకొంటిని. "ఒరే అబ్బాయీ, నిన్న నువ్వు పట్టుకొచ్చింది ఒక్క చేప కాదురా. వచ్చే ఏడాది ఈ మూల పడాల్సిన చేపలన్నీ నిన్ననే పట్టేశావు" అని మాత్రమే ఆయన అనెను. ఆయన తిట్టియున్నచో ఈపాటికి మఱచియుందును. నాటినుండి నేటి వఱకు పిల్లలతో తిరుగు కొఱమీనుపై నేను గాలము వేయలేదు.

ఏటి మడుగులలో వాలుగ యుండును. పొలుసులు లేని నున్నని దేహము, చెవుల దాక చీలిన నోరు, లోన వరుసలుగా చిన్న పండ్లు, ఇరుప్రక్కల పొడవైన మీసములు. పగలు లోతున పడుకొని రాత్రి వేటకు బయలుదేరును. మీటరు పొడవు మించి పెరుగును. బ్రదికియున్న చిన్న చేపను ఎఱగా గ్రుచ్చి, ప్రవాహము నిమ్మళించు చోట లోతుగా దింపిన యెడల దీనిని పట్టవచ్చును. దీని పోరాటము కొఱమీనువలె మెఱుపు కాదు. మోపుబరువు లాగినట్లు నిదానముగా లోతునకు పోవును. నిన్నమొన్నటి వఱకు ప్రతి నదిలోను కానవచ్చిన ఈ వాలుగ, విచ్చలవిడి వేటచేతను నదుల మార్పుచేతను తగ్గిపోవుచున్నది. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సమితివారు దీనిని అపాయమునకు లోనుగాగల జాతులలో చేర్చియున్నారు.

మంచినీటి చేపలలో రాజు మహాసీరు. బొచ్చె, శీలావతి మొదలగు చేపల కుటుంబమునకే చెందినదైనను దీని స్వభావము వేఱు. రాళ్ళనడుమ నురుగులు గ్రక్కుచు పాఱు నీరు దీనికి నివాసము. పెద్ద పెద్ద పొలుసులు, దళసరి పెదవులు కలవు. నోట పండ్లు లేవు గాని గొంతులోని పండ్లతో పీతలను నత్తలను నలుగగొట్టి తినును. ఒడ్డుచెట్లనుండి రాలిన పండ్లుకూడ తినును. కావేరి తీరమున దీనికి ఉడికించిన రాగిముద్ద మంచి ఎఱ. గాలము తగిలిన క్షణమున ఇది నూఱుగజముల దారమును ఒక్క పరుగున లాగికొని పోగలదు. మద్రాసు సివిల్ సర్వీసులో నుండిన హెన్రీ సల్లివాన్ థామసు 1873 లో ప్రకటించిన తన గాలపు వేట గ్రంథములో దీనిని మిక్కిలి కొనియాడెను. 1946 లో మైసూరునకు సమీపముననున్న కబిని నదిలో వాన్ ఇంగెన్ అను నతడు 120 పౌనుల మహాసీరును పట్టెను. మన కొలతలో అది సుమారు 54 కిలోలు. వేటకాండ్రు నేటికిని ఆ లెక్కను భక్తితో తలంతురు.

అంతటి చేప కావేరిలో గూని మహాసీరు అను జాతి. వీపు పైకి లేచియుండుటచే దాని కాపేరు వచ్చినది. ప్రపంచమున కావేరి పరీవాహమున దప్ప మఱెచ్చటను లేదు. దాని కథ వినదగినది. ఆనకట్టలు కట్టుటచేతను, నదిలో మందుగుండు పేల్చి చేపలను చంపుటచేతను మహాసీరులు తగ్గిపోవుచున్నవని గ్రహించి, లోనావళా వద్దనున్న ఒక మత్స్యసంవర్ధన కేంద్రమువారు 1970 ల నుండి మహాసీరు పిల్లలను పెంచి నదులకు పంపిరి. కావేరిలోను వదలిరి. వేటకాండ్రు సంతోషించిరి. కాని ఆ పిల్లలు గూని మహాసీరులు కావు. నీలిఱెక్కల మహాసీరు లను వేఱొక జాతి. కొత్త జాతి కావేరిలో వర్ధిల్లినది. పాత జాతి తగ్గుచు వచ్చినది.

ఈ సంగతి ఎట్లు బయటపడినది? పండితుల ప్రయోగశాలలో కాదు. కావేరి యొడ్డున గాలిబోరె యను చోటనున్న వేటశిబిరమున, పట్టిన ప్రతి చేపను తూచి, వ్రాసికొని, మఱల నీటిలో విడుచు నియమ ముండెడిది. 1998 మొదలు 2012 వఱకు వ్రాసిన ఆ చిట్టాలను శాస్త్రజ్ఞులు పరిశీలించి, నీలిఱెక్కలవి పెరుగుచు, గూనివి తఱిగిపోవుచున్నవని 2015 లో ప్రకటించిరి. అప్పటికి మఱొక వింతయు తెలిసినది. ఇంత కీర్తిగల చేపకు స్థిరమైన శాస్త్రనామమే లేదు. పేరు లేని చేపను కాపాడవలసిన జాతుల పట్టికలో ఎక్కించుట యెట్లు? తుదకు 2018 లో, కేరళమందలి పాంబారు అను కావేరి యుపనదిలో అంతకుముందే గుర్తింపబడిన 'టార్ రెమదేవి' యను జాతియే యిదియని నిర్ణయించిరి. ఆ యేడే దానిని అత్యంతమైన అపాయములోనున్న జాతిగా ప్రకటించిరి.

ఈ కథలో దుర్మార్గు డెవడును లేడు. చేపలపై ప్రేమగలవారే చేపకు కీడు చేసిరి. ఉద్దేశము మంచిదే, తెలివి చాలలేదు. నదిలో చేపలు తగ్గినవా, తెచ్చి పోయుడు, అనుట సులభము. ఏ నదికి ఏ చేప తగునో తెలిసికొనుట కష్టము. అభయారణ్యములోని ఆ శిబిరములలో వేట 2012 లో ఆగిపోయినది. వేటకాండ్రును వారి కావలివాండ్రును లేనిచో మందుగుండు పేల్చువారికి అడ్డు లేకుండునని కొందఱి వాదము. నశించుచున్న ప్రాణిని వినోదమునకై గాలమున తగిలించుట న్యాయము కాదని మఱికొందఱి వాదము. రెండిటను సత్యము కలదు. నేను చెప్పదలచిన దొక్కటే: వేటకాండ్రు మిగిల్చిన వానిలో గోడకు తగిలించిన బొమ్మలకన్న ఆ చిట్టాలే చేపకు ఎక్కువ ఉపకారము చేసినవి.

ఇక నదిని విడిచి, అది సముద్రమును కలిసికొను చోటికి పోదము. కోరంగి మడయడవులలో, గోదావరి పాయలలో, ఉప్పునీరు మంచినీరు కలియు చోట పండుగప్ప యుండును. పారసీక సింధుశాఖ మొదలు ఆస్ట్రేలియా వఱకు వ్యాపించిన చేప యిది. ఆస్ట్రేలియా వారు దీనిని బారముండి యని పిలిచి గాలపు వేటలో అగ్రస్థాన మిత్తురు. వెండివంటి దేహము, కొంచెము వంగిన నుదురు, వెలుతురు పడినచో కెంపువలె మెఱయు కన్ను. మడచెట్ల వేళ్ళప్రక్కన పొంచియుండి, పోటు తిరిగి పాటు మొదలగు వేళ పాయలనుండి కొట్టుకొనివచ్చు రొయ్యలను చిన్నచేపలను పట్టును. బ్రదికియున్న రొయ్య దీనికి ఉత్తమమైన ఎఱ. తగిలిన వెంటనే నీటిపైకి ఎగిరి తల విదలించును. దారము ఆ క్షణమున వదులైనచో గాలము ఊడిపోవును. మిక్కిలి బిగువైనచో వేళ్ళకు చుట్టుకొని తెగిపోవును.

ఈ చేప జీవితమున ఒక విచిత్రము కలదు. పండుగప్ప మొదట మగచేపగా పెరుగును. కొన్ని యేండ్ల పిమ్మట అదే చేప ఆడుదిగా మాఱును. కావున చిన్నవి ప్రాయికముగా మగవి, మీటరు మించిన పెద్దవి దాదాపు అన్నియు ఆడువి. ఒక్కొక్క పెద్ద చేప నదీముఖమున లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. మన పాయలలో కనబడు మాగ చేపకును, అనగా ఱెక్క క్రింద నాలుగు దారములు వ్రేలాడు ఆ చేపకును, ఇట్టి స్వభావమే కలదు. దీని ఫలితము ఆలోచింపుడు. తక్కిన చోట్ల చిన్నదానిని విడిచి పెద్దదానిని పట్టుము అను ధర్మము చాలును. ఇక్కడ అది చాలదు. పెద్దవానినెల్ల పట్టినచో తల్లులందఱిని పట్టినట్లే. అందుచేతనే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రమున 58 సెంటిమీటర్లకు తక్కువయైన పండుగప్పను, 120 సెంటిమీటర్లకు మించిన దానిని కూడ పట్టి యుంచుకొనరాదని నియమము చేసిరి. చిన్నది పెరుగవలెను, పెద్దది కనవలెను, నడిమిది నీది.

పాయలు దాటి సముద్రములోనికి పోయినచో కోనము, వంజరము కలవు. రెండును ఒక్క కుటుంబమువే. బాణమువంటి రూపము, కత్తులవంటి పండ్లు. పడవ సాగుచుండగా వెనుకనుండి ఎఱను లాగించుచు పోయినచో వెంబడించి పట్టును. పట్టుదారమైనను నైలాను దారమైనను ఒక్క కొఱుకున తెంచును; గాలమునకు పైన జానెడు తీగ కట్టకతప్పదు. పారలు బలమునకు ప్రసిద్ధి. అండమాను దీవుల రాతితిన్నెలవద్ద, నీటిపై చప్పుడు చేయు కొయ్యబొమ్మను ఎఱగా విసరి పెద్ద పారలను పట్టుటకు దూరదేశములనుండి వేటకాండ్రు వత్తురు. వీనినెల్ల మించినది కొమ్ముకోనము. ఈటెవంటి ముక్కు, తెరచాపవలె లేచు వీపుఱెక్క. తగిలిన పిమ్మట సముద్రముపై నిలువున లేచి నాట్యమాడును. మన తీరపు జాలరులకు ఆ ముక్కు ప్రాణాంతకమను సంగతి బాగుగా తెలియును. ఇట్టి పెద్ద చేపలవేటకు న్యాయమైన నియమము లుండవలెనని 1939 లో అంతర్జాతీయ సంఘమొకటి ఏర్పడినది. చేప బరువుతోబాటు దారము బలమును గూడ లెక్కించి వారు ఘనతను నిర్ణయింతురు. సన్నని దారముతో పట్టిన చిన్న చేపకును గౌరవమున్నదన్నమాట. నేడు పెక్కు పోటీలలో కొమ్ముకోనమును పడవ ప్రక్కకు తెచ్చి, లెక్కించి, అచ్చటనే విడుతురు.

విడుచుట యనగా తిరిగి నీట పాఱవేయుట కాదు. అదియు నేర్వవలసిన విద్యయే. గాలమునకుండు ఎదురుముల్లును ముందే పటకారుతో నొక్కివేయవలెను. అప్పుడు గాలము సుళువుగా వచ్చును. సన్నని దారముతో గంటలకొలది ఆడించి చేపను అలయగొట్టరాదు. అలసి విడిచిన చేప పిమ్మట చచ్చును. చేతులు తడుపుకొనకుండ చేపను తాకరాదు. దాని దేహముపై నుండు జిగురే దానికి కవచము. పొడిచేయి ఆ కవచమును ఒలిచివేయును. మొప్పలలో వ్రేళ్ళు పెట్టి ఎత్తరాదు. బరువుగల చేపను నిలువున వ్రేలాడదీసి ఛాయాచిత్రము తీయించుకొనుట మానవలెను. మన ఊపిరి బిగబట్టి యెంతసేపు ఉండగలమో అంతకన్న ఎక్కువసేపు దానిని నీటి వెలుపల ఉంచరాదు. ప్రవాహమునకు ఎదురుగా తల త్రిప్పి, రెండుచేతుల నడుమ నీటిలోనే నిలిపి, అది తోక విదలించి తానై పోవు దాక వేచియుండవలెను. చేప చేతిలోనుండి జాఱిపోవు ఆ క్షణమున కలుగు సంతోషము, అది గాలమున తగిలిన క్షణమునందలి సంతోషమునకు తక్కువ కాదు.

అయినను ఒక సందేహము నన్ను చాలకాలము బాధించినది. ఈ నీతులన్నియు కడుపు నిండిన వాని నీతులు కావా? మనము విడిచిన చేపను రేపు ఒక జాలరి వలవేసి పట్టును. అతనికి అది దినవెచ్చము. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, అఱువదియొక్క దినములు, యంత్రపు పడవలు వేటకు పోరాదని శాసనము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టుకొనుటకై ఆ దినములలో ఎందఱో జాలరులు పని మానుకొనుచున్నారు. అట్టి వారికి మన మేమి చెప్పగలము?

ఈ సందేహమునకు సమాధానము నాకు గోదావరి పాయలోనే దొరకినది. కొన్నియేండ్ల క్రిందట ఒక మాఘమాసపు ఉదయమున ఒక ముసలి పడవవానితో మడయడవుల నడుమకు పోతిని. పాటు మొదలైన గడియకు ఒక పండుగప్ప తగిలినది. అరగంట పోరాటము పిమ్మట పడవ ప్రక్కకు వచ్చినది. కొలబద్ద పెట్టి చూడగా మీటరుకు పైన నాలుగు అంగుళములున్నది. నేను గాలము విప్పుచుండగా పడవవాడు నా చేయి పట్టుకొని, "వదిలేత్తారా బాబుగారూ? బజార్లో దీని ఖరీదెంతో తెలుసాండి?" అనెను. నాకు తెలియును. అతని యింట దాని అవసరము ఎంతయో కూడ తెలియును. అది తల్లిచేప యని, లక్షల గ్రుడ్లు పెట్టునని నేను తడబడుచు చెప్పితిని. అతడు కొంతసేపు ఆ చేపవంక చూచి నవ్వి, "అది మాకు తెలీదాండి? మీకిది ఆటండి, మాకు కూడండి. ఆడుకునేవోళ్ళే ముందు వదలాలండి" అని, తానే నీటిలోనికి వంగి రెండుచేతులతో దాని తలను పాటునకు ఎదురుగా త్రిప్పి పట్టుకొనెను. తోక ఒక్కసారి విదలించి అది మడనీటిలో మాయమైపోయినది. ఆనాడు తరువాత పడిన నడితరపు చేపలు రెండిటిని అతనికే యిచ్చితిని. ఆ బేరములో నాకే లాభమని నేటికిని నా నమ్మకము.

అతని మాటకన్న మంచి సూత్రము నాకు ఏ గ్రంథమునను కనబడలేదు. బ్రదుకుతెరువుకై పట్టువానికి ఒక ధర్మము, వినోదమునకై పట్టువానికి అంతకన్న కఠినమైన ధర్మము. కొఱమీను పిల్లలతో నున్నదా యని చూడవలెను. నదిలోని మహాసీరు ఏ జాతిదో యెఱుగవలెను. పండుగప్పను కొలిచి చూడవలెను. పట్టిన చోటును, దినమును, కొలతను ఒక చిట్టాలో వ్రాసి యుంచవలెను. ఎవరి చిట్టా ఏనాడు ఏ చేపను కాపాడునో చెప్పలేము. తెగిన దారమును నీటిలో వదలక చుట్టి ఇంటికి తేవలెను.

ఇంతయు చేసిన పిమ్మట ఉత్తచేతులతో తిరిగి వచ్చుచుండగా గట్టుమీద బాటసారి ఎదురై "ఏమైనా పడ్డాయా?" అని అడుగును. "పడినవి, విడిచితిని" అని చెప్పినచో అతడు నమ్మడు. తల యూపి పోవును. పోనిండు. చెఱువులో వచ్చే వానకాలమున, తుంగ ప్రక్కన కుంకుమ చల్లినట్లు ఎఱ్ఱని మచ్చ యొకటి కదలుచున్నచో, మన మాటకు అదియే సాక్ష్యము.